తడి టోపీ

హైమవతిగారిని ప్రశ్న అడగాలంటే ఆ ల్యాబులో అందరికీ జంకే. ఆవిడ కోప్పడతారని కాదు, జవాబు చెప్పకుండా ఏదో ఒక పని చేయిస్తారని. పసిపిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో చూడడంలోనే జుట్టు నెరిసిన మనిషి. నోటితో చెబితే తేలిపోయే సంగతికి మనచేత ఒక పూటంతా ఖర్చు పెట్టిస్తారు. ఆ రోజు శాంభవి అవన్నీ ఆలోచించే స్థితిలో లేదు. తలుపు తట్టకుండానే లోపలికి వెళ్లి నిలబడింది.

"మేడమ్, తెలిసి కూడా చెప్పకపోవడం పాపం కాదా?"

శాంభవి అక్కడ పరిశోధన సహాయకురాలిగా చేరి ఏడాది కాలేదు. తల్లి ఒళ్లో కూచున్న పసివాడి తలకి తీగల టోపీ తడిపి తొడగడం, శబ్దాలు వినిపించడం, కంప్యూటర్లో కదిలే గీతలు చూడడం ఆమె పని. "బ, బ, బ" అని ఒకే శబ్దం వస్తూ వస్తూ ఉన్నట్టుండి "ద" అని మారుతుంది. ఆ మార్పు పట్టుకున్న మెదడు గీతలో చిన్న గుట్ట వేస్తుంది. ఆ కాస్త గుట్ట కోసం ఇంత హడావిడి. పిల్లలు ఏడుస్తారు, తీగలు నోట్లో పెట్టుకుంటారు, సరిగ్గా పని మొదలయ్యే వేళకి నిద్రపోతారు. గీతల సంగతి తల్లులతో ఎత్తకూడదని అక్కడ నియమం. ఒక్క పూట గీతలు చూసి రోగం ఉందనో లేదనో ఎవరూ తేల్చలేరు మరి.

ఆ ఉదయం విశాఖ జాలరిపేట నుంచి నూకరత్నం తన ఆరునెలల కొడుకుని తీసుకొచ్చింది. తలకి నూనె ఉంటే టోపీ పట్టదు. మాడుకి నూనె పెట్టకుండా పసివాణ్ని గడప దాటిస్తావా అని ఇంట్లో అత్త రాద్ధాంతం చేసిందట. శాంభవి మాట మీద నమ్మకంతో నూకరత్నం అత్తని ఎదిరించి, పిల్లాడి తల కుంకుడు పులుసుతో రుద్ది మరీ వచ్చింది. తీరా చూస్తే గీతల నిండా ముళ్లలా పొడుచుకొచ్చిన మొనలు. గుట్ట జాడే లేదు. వీడికి శబ్దాల తేడా తెలియడం లేదనుకుంది శాంభవి.

టోపీ తీస్తుంటే నూకరత్నం అడగనే అడిగింది. "నా బాబుకి ఏటైనా ఉందేటమ్మా?"

"ఏమీ లేదండీ" అంది శాంభవి. ఆ వెంటనే "మాకింకా తెలీదు" అంది. రెంటిలో ఏదో ఒక్కటే అని ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "మాయత్త ఇంక నన్ను గడప దాటనివ్వదమ్మా. ఆ తీగలెట్టేసరికే బాబుకేదో అయిపోనాదని పేటంతా సెప్పేస్తంది. ఉన్నదేదో సెప్పెయ్యమ్మా, నానేటీ అనుకోను." అప్పట్నుంచీ శాంభవికి కాలు నిలవలేదు. అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూసేసింది. వరండాలో అటూ ఇటూ తిరిగి తిరిగి చివరికి ఆ ప్రశ్నతో హైమవతిగారి ముందు నిలబడింది.

ఆవిడ అంతా విన్నారు. "ఇవాళ తలకి నూనె రాసుకున్నావా?" అని అడిగారు.

"లేదు మేడమ్."

"అయితే రా."

తల్లులు కూచునే కుర్చీలో శాంభవిని కూచోబెట్టి, పెద్దవాళ్ల టోపీ తడిపి తలకి తొడిగారు. బ, బ, బ మొదలైంది. హైమవతిగారు కంప్యూటరు ముందు కూచుని కాసేపు మామూలుగానే చూశారు. తర్వాత ముందుకు వంగారు. కనుబొమలు ముడిచారు. కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశారు.

"ఏమైంది మేడమ్?"

"కదలకు."

శాంభవి కదల్లేదు. కానీ పళ్లు బిగుసుకున్నాయి, కుర్చీ చేతుల మీద వేళ్లు తెల్లబడ్డాయి. తన మేనమామకి మూర్ఛ ఉండేదని అప్పుడే గుర్తురావాలా? శబ్దం ఆగాక హైమవతిగారు మాటా పలుకూ లేకుండా వచ్చి టోపీ తీసి, తువ్వాలుతో ఆమె జుట్టు తుడవసాగారు. శాంభవి ఇక ఉండబట్టలేకపోయింది.

"మేడమ్, నాకేమైనా ఉందా?"

ఆవిడ కంప్యూటరు ఇటు తిప్పారు. మొదట్లో గుట్టలు చక్కగా ఉన్నాయి. ఒకచోట నుంచి అంతా ముళ్లే. అక్కడ వేలు పెట్టి, "ఇక్కడ నేను మొహం చిట్లించాను. అంతకు మించి ఏమీ చేయలేదు. ఈ ముళ్లు నువ్వు పళ్లు బిగించినందుకు" అన్నారు.

తర్వాత ఉదయం గదిలో తీసిన వీడియో పెట్టారు. తల్లి ఒళ్లో పిల్లాడు వేలు చీకుతూ బుద్ధిగా వింటున్నాడు. ఎంత రుద్దినా మాడు దగ్గర మిగిలిన జిడ్డుకి, ఇంకా "ద" రాకముందే ఒక తీగ వదులైంది. దాని గీత చెదరడం చూసి కంప్యూటరు ముందున్న శాంభవి మొహం ముడుచుకుంది. ఆ సంగతి ఆమెకి గుర్తు కూడా లేదు. నూకరత్నం పిల్లాణ్ని గాని, గీతల్ని గాని చూడలేదు, ఆ మొహాన్నే చూసింది. ఆమె చేతులు పిల్లాడి చుట్టూ బిగిశాయి. వాడు వేలు చీకడం ఆపి బిక్కమొహంతో తల్లివైపు తిరిగాడు. ముళ్లు అక్కడే మొదలయ్యాయి.

శాంభవికి ఏడుపొచ్చింది. "అయితే బాబుకి ఏమీ లేనట్టేనా మేడమ్?"

"నాకేం తెలుసు? వాణ్నే మళ్లీ అడగాలి. టోపీ నువ్వే పెట్టాలి."

"ఆవిడ రానంటోంది కదా. పోనీ ఫోన్ చేసి..."

"ఫోన్లో నీ మొహం కనబడదు. ఇంటికి వెళ్లు."

శాంభవి సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. "నా ప్రశ్నకి జవాబు చెప్పనేలేదు మేడమ్."

హైమవతిగారు తడి టోపీని కొక్కేనికి తగిలిస్తున్నారు. వెనక్కి తిరగలేదు.

"తెలిసి చెప్పకపోవడం సంగతి తర్వాత చూద్దాం. తెలియకముందే చెప్పేశావు. ముందు దాని సంగతి చూడు."