మెడ లోతు

ఏరు ఎండిందా? ఎవరైనా పోయి చూసొచ్చారా? చెలమ తవ్వితే గానీ నీళ్ళు కనబడటం లేదు కదా? అయితే సరే, కూర్చోండి. ఏట్లో నీళ్ళుండగా ఈ కథ చెప్పకూడదు. ఎందుకు చెప్పకూడదో కథలోనే ఉంది, మధ్యలో అడిగి నా ప్రాణం తీయకండి.

మన తాతల తాతలకూ ముందు, ఓబన్న అని ఒక ఏటి కావలివాడు ఉండేవాడు. ఏటికి ఇవతల మన ఊరు. అవతల సంత, వైద్యుడు, ఆడబిడ్డల అత్తారిళ్ళు. వానాకాలంలో ఏరు రోజుకో తీరుగా ఇసుకను కదిలిస్తుంది. నిన్న నడిచిన చోట ఇవాళ మడుగు ఉంటుంది. అందుకని రోజూ తెల్లవారగానే ఓబన్న కట్టె పట్టుకుని అందరికంటే ముందు దిగేవాడు. అడుగడుగునా లోతు చూసి, నడవదగిన దారి పొడుగునా వెదురు పుల్లలు పాతేవాడు. పుల్లపుల్లకూ ఒక ఎర్రటి గుడ్డపీలిక కట్టేవాడు.

ఆ పీలికలు ఆయన భార్య సుంకులమ్మ తన పాత చీరలు చించి ఇచ్చేది. "నా చీర కొంగు పట్టుకోని ఊరంతా ఏరు దాటుతాండాది" అని నవ్వేది. ఆ నవ్వు కోసమే ఓబన్న పీలికలు అయిపోయాయని అబద్ధం చెప్పేవాడట. ఊళ్ళో అందరూ ఆయన్ని ఆటపట్టించేవాళ్ళు.

పుల్లలు పాతాక గట్టెక్కి కేక వేసేవాడు. "మోకాటి లోతో!" అంటే పిల్లల్ని నడిపించుకుని పొండి. "నడుం లోతో!" అంటే పిల్లల్ని భుజానెత్తుకుని పొండి. "మెడ లోతో!" అంటే ఇంటికి పొండి. ఆ కేక పడిన రోజు పుల్లలు ఉండవు. ఎవరూ దిగకూడదు, కావలివాడితో సహా.

ఆ కట్టడి ఊరికే పుట్టలేదు. ఓబన్నకు ముందున్న కావలివాడు ఒకనాడు మెడ లోతని తానే కేక వేసి, అవతల చెల్లెలి ఇంట్లో విందుందని తానే దిగాడు. గజ ఈతగాడు, దాటేశాడు. చూసినవాళ్ళు "కావలోడే పోయినాడు, మనకేమి?" అని దిగారు. ఏడుగురు. ఒక్కరూ ఒడ్డెక్కలేదు. వాళ్ళలో ఒకడు ఓబన్నకు సొంత అన్న.

ఒక శ్రావణంలో సుంకులమ్మకు జ్వరం వచ్చింది. ఏరు మెడ లోతు. కూతురు ఎల్లక్క, పదహారేళ్ళ పిల్ల, తండ్రిని పట్టుకుంది.

"నాయనా, అవతలినుంచి కదిరప్ప వైద్యుణ్ణి పిల్చుకరా."

"మెడ లోతుండాది తల్లీ."

రెండో రోజు అడిగింది. "మెడ లోతుండాది తల్లీ."

మూడో రోజు కాళ్ళు పట్టుకుంది. "అమ్మ కండ్లు తెరవడంల్యా. నీకు ఈత వచ్చు గదా. పో నాయనా."

ఓబన్న భార్య నుదుటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత గొంగడి కప్పుకుని లేచాడు. "రేవు కాడ ఉంటా. ఎవురన్నా దిగుతారేమో సూడాల" అని వానలోకి పోయాడు.

సుంకులమ్మ రెండుసార్లు "ఆయనేడీ?" అని అడిగింది. మూడోసారి అడగలేదు.

పొద్దు వాలేవేళకు ఓబన్న గుమ్మంలోకి వచ్చాడు. ఒళ్ళంతా నీళ్ళు. అంత వానలో తడవనివాడెవడు? భార్యను చూసి గోడకు ఆనుకుని అట్లాగే కూలబడ్డాడు. చేతిలో ఉన్న వెదురు గొట్టాన్ని కాసేపటికి చూరులో దోపాడు. ఎల్లక్క దాన్ని పట్టించుకోలేదు.

"అమ్మ పోతాంటే నీకు ఏరే ఎక్కువైందా?" అంది. మళ్ళీ అడిగింది. మూడోసారికి ఓబన్న తల వంచుకుని, "మెడ లోతుండాది" అన్నాడు.

ఆ రోజు నుంచి ఎల్లక్క ఆయన్ని నాయనా అని పిలవలేదు. వండింది, వడ్డించింది, పిలవలేదు. ఊరు కూడా "పెండ్లాం సస్తాన్నా ఏట్లో దిగని రాతిగుండోడు" అంది. ఓబన్న అన్నీ విన్నాడు. తెల్లవారితే ఏటికి పోయాడు. సుంకులమ్మ పాత చీరల్ని ఇప్పుడు తానే చించుకునేవాడు. అవి అయిపోతాయని భయమేమో, పీలికలు ఏడాదికేడాదీ సన్నబడి వేలెడు వెడల్పుకు వచ్చాయి.

మూడేళ్ళు గడిచాయి. ఓబన్న కూడా మంచం పట్టాడు. ఎల్లక్క ఆయన నోట్లో నీళ్ళు పోసింది, నాయనా అని మాత్రం అనలేదు. ఆ మాట కోసం ఆమె నోటివైపే చూస్తూ ఆయన పోయాడు.

మూడోనాడు ఏరు మోకాటి లోతుంది. ముసలి కదిరప్ప దాటి వచ్చి, ఎల్లక్కను పక్కకు పిలిచాడు.

"ఆ గొట్టం ఇంకా ఉందా తల్లీ?"

"ఏ గొట్టం?"

"మీయమ్మ పోయిన పొద్దు మీ నాయన వానలో నా గడపలో పడినాడు. ఊరికి కనపడకుండా కోసెడు దూరం పైన, బండల కాడ దిగి ఈదినాడంట. నేను రాలేనంటిని. కసాయం గొట్టంలో పోయించుకోని, మైనం పెట్టించుకోని, నోట కరుచుకోని మళ్ళా దిగినాడు. తను బతికుండంగా ఎవురికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. 'నేను దాటినానని తెలిస్తే ఇంగ నా కేక ఎవురింటారు మామా?' అనె."

ఎల్లక్క చూరులోంచి గొట్టం తీసింది. మైనం తీయలేదు, అట్లాగే ఉంది. వెదురు మీద పంటిగాట్లు ఉన్నాయి.

"నాయనా!" అని అరిచింది. ఎవరు పలుకుతారు?

గొట్టం పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. ఇంటింటికీ చెప్పాలి, రాతిగుండె అన్న ప్రతి నోరూ మూయించాలి. వీధి చివర ఏట్లో నీళ్ళు కనబడ్డాయి. ఆమె కాళ్ళు ఆగిపోయాయి. గొట్టాన్ని కొంగులో దాచుకుని వెనక్కి వచ్చింది.

తర్వాత కావలి ఆమే చేసింది. మరుసటేడు మెడ లోతు కేక వేసిన రోజు ఒకడు పంచె ఎగ్గట్టి రేవులోకి దిగబోయాడు. "అడ్డం రావద్దక్కా, మాయమ్మ సస్తాండాది" అన్నాడు.

ఎల్లక్క పక్కకు జరగకుండా చెప్పింది. "మాయమ్మ సస్తాంటేనే మా నాయన దిగలేదు. నువ్వు దిగుతావా?"

వాడు ఓబన్న పేరెత్తి తిట్టి, ఉమ్మేసి, వెనక్కి తిరిగాడు. బతికాడు. ఆమె ఇంటికి పోయి గొట్టాన్ని గుండెకు పెట్టుకుని ఏడ్చింది.

ఎల్లక్క ముసలిదయ్యాక ఒక ఏడు ఏరు పూర్తిగా ఎండింది. అప్పుడు ఊరందరినీ ఇసుకలో కూర్చోబెట్టి, చుక్క నీరు లేదని చూసుకుని, మొదటిసారి ఈ కథ చెప్పింది. నీళ్ళుండగా ఎత్తబోమని అందరిచేతా ఒట్టు వేయించుకుంది.

అందుకే ఇప్పటికీ ఎండాకాలంలో మనం ఇసుకలో ఒక వెదురుపుల్ల పాతి, వేలెడు ఎర్రపీలిక కట్టి, ఆమె బదులు ఒక్కసారి నాయనా అని పిలుస్తాం. వానాకాలంలో ఎవరైనా ఓబన్న ఎవరని అడిగితే, పెండ్లాం సస్తాన్నా ఏట్లో దిగని రాతిగుండోడు అంటాం.

వానలు పడితే నేనూ అదే అంటాను. మీరూ అదే అనాలి.