దిబ్బకు పోయిన చేపలు

సరుగుడుతోట స్వామి చేతిలో ఎప్పుడూ ఒక సన్నని సరుగుడు బెత్తం ఉండేది. డెబ్బై దాటినా మనిషి నిటారుగా నడిచేవాడు కాబట్టి అది ఊతకర్ర కాదు. ఎవరినీ కొట్టి ఎరుగడు కాబట్టి దండించడానికీ కాదు. అదెందుకని అడిగితే "పని పడుతుంది" అని ఊరుకునేవాడు. ఎవరే సందేహం అడిగినా ఆయన స్థిమితంగా కూర్చుని జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఏదో ఒక పని పురమాయించి పంపేసేవాడు. జవాబు ఆ పనిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే పనైనా అయ్యేది.

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒడ్డుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ తోటకు ఒక మాఘమాసంలో నీలాద్రి వచ్చాడు. భుజాన ఒక గుడ్డసంచి ఉంది. భోజనానికి కూర్చున్నా దాన్ని దించేవాడు కాదు. అంతకుముందు అతను నగరంలో ఒక పెద్ద కంపెనీలో గుమాస్తా. పెద్దమనుషుల సంపదను పన్నుల వాళ్ళ కంటబడకుండా ఎక్కడో సముద్రాల నడుమ దీవుల్లో, పేరుకు మాత్రమే ఉన్న కంపెనీల్లో దాచిపెట్టడం వాళ్ళ వ్యాపారం. ఆ కాగితాలు సర్దడం నీలాద్రి పని. పన్నెండేళ్ళు నోరు మెదపకుండా సర్దాడు. తన కూతురు చదివే సర్కారు బడిలో పైకప్పు పెచ్చులూడి పక్కపిల్ల తల పగిలిన రోజున మాత్రం ఇక సర్దలేకపోయాడు. ఆ కాగితాల్లో సగం తీసుకెళ్ళి ఒక పత్రికాయన చేతిలో పెట్టాడు.

ఎనిమిది రోజులు దేశం ఊగిపోయింది. టీవీలు గొంతు చించుకున్నాయి. నోరు తిరగని ఆ దీవుల పేర్లు టీ బడ్డీల దగ్గర కూడా వినబడ్డాయి. కాలేజీ పిల్లలు అట్టముక్కల మీద పేర్లు రాసుకుని ఊరేగారు. తొమ్మిదో రోజున క్రికెట్టు మొదలైంది. నెల తిరక్కుండా ఆ జాబితాలోని ఒక పెద్దమనిషి ఎవరింటి పెళ్ళికో వస్తే, ఊరేగినవాళ్ళే ఎగబడి పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. అన్నిటికన్నా నీలాద్రి మనసు విరిచినవాడు అతని బావమరిది. పెరట్లోకి పిలిచి, అటూ ఇటూ చూసి, "బావా, మనలాంటి చిన్నవాళ్ళకి ఆ దీవుల్లో ఏమైనా వీలుంటుందా?" అని అడిగాడు. నీలాద్రికి ఉద్యోగం ఎలాగూ ఊడింది. మిగిలిన సగం కాగితాలు సంచిలో ఉన్నాయి. అవి ఇస్తావో ఇవ్వవో శుక్రవారంలోగా తేల్చమని పత్రికాయన కబురు పెట్టాడు. ఇస్తే ఈసారి జైలు తప్పకపోవచ్చునని కూడా చెప్పాడు, మంచివాడు కాబట్టి.

బుధవారం మధ్యాహ్నం నీలాద్రి స్వామి ఎదుట నిలబడి అడిగాడు. "స్వామీ, జనం కళ్ళారా చూశారు. చూసి, దులుపుకుని, ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు. చూడలేదంటే చూపించవచ్చు. చూసీ పట్టనివాళ్ళకు ఇంకేం చూపించను? ఈ సంచిని సముద్రంలో కలిపేస్తే నా పెళ్ళాంపిల్లలైనా నాకు మిగులుతారు. కలిపెయ్యనా?"

"నీకు పేర్లు నోటికి వస్తాయా?" అన్నాడు స్వామి.

"ఎవరి పేర్లు?"

"కొర్లమ్మ చెబుతుంది, వెళ్ళు."

కొర్లమ్మ ఒడ్డునున్న బెస్తపేటలో ముసలావిడ. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయి ముప్పై ఏళ్ళయింది. ఆ పేటలో పెద్దవల పడిన రోజున ఊరంతా తాడు పట్టి లాగుతారు. చేపల్ని ఇసుక మీద కుప్పలు పోస్తారు. తాడు పట్టిన ప్రతి ఇంటికీ ఒక కుప్ప. ఆఖరి కుప్ప ఊరిది. సముద్రంలో పోయినవాళ్ళ పెళ్ళాలూ, తాడు పట్టలేని ముసలివాళ్ళూ దాని మీదే బతకాలి. ఏ కుప్ప ఎవరిదన్న తగువు రాకుండా, సొంత కుప్ప లేని మనిషినొకణ్ణి కుప్పలకు వీపు పెట్టి నిలబెడతారు. వెనకనుంచి ఒకడు కుప్ప మీద చెయ్యిపెట్టి "ఇది ఎవులిది?" అంటాడు. వీపు పెట్టినవాడు తిరిగి చూడకుండా ఒక పేరు పలుకుతాడు. పలికిందే తీర్పు. చాలా ఏళ్ళు ఆ పేర్లు పలికింది కొర్లమ్మే. నిరుడు ఆవిణ్ణి మాన్పించారు. ఎందుకని నీలాద్రి అడిగితే, "నాకు సూపు ఎక్కువైపోనాదంట బావూ" అని బోసినోటితో నవ్వింది. పొద్దువాలే దాకా పదహారు కుప్పల పేర్లూ అతనిచేత వల్లె వేయించింది.

మర్నాడు తెల్లవారేసరికి ఒడ్డంతా మంచు. సముద్రం కనబడదు, దాని ఊపిరి మాత్రం వినబడుతోంది. తాడు మంచులోంచి పుట్టుకొస్తున్నట్టు వస్తోంది. దాన్ని లాగుతున్న మనుషులు నడుముల పైకే కనబడుతున్నారు, కాళ్ళు లేవు. వాళ్ళ హైలెస్సా కూడా ఎవరిదో కలలోంచి వస్తున్నట్టుంది. నీలాద్రికి చాలా కాలం తరువాత మనసు తేలికపడింది. ఏ సంచీ లేని రోజుల్లోకి వచ్చి పడ్డాననుకున్నాడు. వల ఒడ్డు చేరింది, కుప్పలు పడ్డాయి, అతన్ని వాటికి వీపు పెట్టి నిలబెట్టారు. జనమంతా కుప్పల చుట్టూ మూగి, పక్కదానికన్నా తమ కళ్ళు పడ్డది పెద్దదా చిన్నదా అని వంగి చూసుకుంటున్నారు. సముద్రం వైపు మొహం ఉన్నది అతనొక్కడికే.

"ఇది ఎవులిది?"

"పైడయ్యది" అన్నాడు నీలాద్రి.

"ఇది?"

"నీలమ్మది."

అప్పుడు ఎండ పొడ తగిలి మంచు కొంచెం పక్కకు జరిగింది. అలల అవతల ఒక ఇసుక దిబ్బ తేలింది. దాని పక్కన ఒక చిన్న తెప్ప. ఇద్దరు మనుషులు అందులోంచి తట్టలు మోసుకెళ్ళి దిబ్బ మీద కుమ్మరిస్తున్నారు, చప్పుడు లేకుండా, తాపీగా. వెండిలా మెరుస్తున్న ఆ కుప్ప ఇక్కడి పదహారూ కలిపినంత ఉంది. వల ఇంకా అలల అవతల ఉండగానే అందులోంచి తోడేసిన చేపలవి. ఒడ్డుకు రాలేదు కాబట్టి వాటికి పేరు లేదు, పంపకం లేదు, ఊరి వాటా లేదు. నీలాద్రికి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఇంత దూరం పారిపోయి వస్తే ఇక్కడా ఒక దీవి.

"ఇది ఎవులిదయ్యా?" వెనకనుంచి మళ్ళీ అడిగారు.

పేరు నాలుక మీదికొచ్చింది. పలికితే పోయేది. సంచి పట్టీ భుజాన్ని కోస్తోంది.

"ముందు ఆ దిబ్బ మీదున్నది ఎవరిదో చెప్పండి" అన్నాడు.

అందరూ తిరిగారు. ఆ తరువాత కేకలు, తిట్లు, రొమ్ములు బాదుకోవడాలు. "తాళ్ళు లాగి కోసుకుపోయిన మా సేతులు సూడండ్రా!" అని ఎవరో అరిచారు. ఆ వలా తెప్పా సొంతమైన కామందు మాత్రం తొణక్కుండా నిలబడి మీసం తుడుచుకున్నాడు. ఏం జరగబోతుందో అతనికి తెలుసు. అదే జరిగింది. సరుగుడు చెట్ల మీదినుంచి కాకులు దిగాయి. కాపలా లేని కుప్పల మీద పడి పీకడం మొదలుపెట్టాయి. "వోలమ్మా, నా సేపలు!" అంటూ ఒకతె వెనక్కి పరిగెత్తింది. ఆమె వెనక ఇంకొకడు, వాడి వెనక నలుగురు. చూస్తుండగానే వీపులన్నీ మళ్ళీ సముద్రం వైపు తిరిగాయి. తొమ్మిదో రోజు ఇక్కడ తొమ్మిదో నిమిషానికే వచ్చిందనుకున్నాడు నీలాద్రి.

పైడయ్య ఒక్కడూ కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా దిబ్బ వైపే చూస్తూ నిలబడ్డాడు. నీలాద్రి అతన్నే ఆశగా చూడసాగాడు. ఎప్పుడొచ్చాడో స్వామి పక్కన ఉన్నాడు.

"వాణ్ణేం చూస్తావు నాయనా? వాడి కుప్ప దగ్గర ఎవరున్నారో చూడు."

పైడయ్య కుప్ప దగ్గర కొర్లమ్మ ఉంది. కొంగు గిరగిరా తిప్పుతూ కాకుల్ని తోలుతోంది. పైడయ్య కుప్పకీ, దాని పక్కన నీలమ్మ కుప్పకీ నడుమ ఇటో అడుగు, అటో అడుగు వేస్తోంది. తన చేపలు భద్రంగా ఉన్నాయని చూసుకుని నీలమ్మ మెల్లగా నడుమెత్తింది. వెళ్ళి పైడయ్య పక్కన నిలబడింది. తెప్పలో మనుషులు తట్టలు దించడం ఆపారు. తెప్ప దిబ్బకూ పోలేక, ఒడ్డుకూ రాలేక, మంచులో ఊగుతోంది. కామందు చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది.

"నిరుడు నాను సెప్పినపుడూ అందరూ తిరిగినారు బావూ!" కొర్లమ్మ వగరుస్తూ అరిచింది. "అందరూ సూసినారు. కాకులు తోలేవోళ్ళే నేకపోనారు. ఆ దినం ఇళ్ళల్లో పిల్లలు పస్తులున్నారు. మరింకెవులు తిరుగుతారు?"

మిగిలిన కుప్పల దగ్గర జనం వంగి కాకులతో కుస్తీ పడుతున్నారు. పడుతూనే మధ్యమధ్య ఒక్కొక్కరూ తలెత్తి దిబ్బ వైపు చూస్తున్నారు, చూసి మళ్ళీ వంగుతున్నారు. నీలాద్రి ఆ చూపుల్ని అంతకుముందు చూడలేదు. అతను నోరు తెరిచి ఏదో అడగబోయేలోగా స్వామి సరుగుడు బెత్తాన్ని అతని చేతిలో పెట్టాడు.

"ఇంకా పద్నాలుగు కుప్పలున్నాయి. ముసలిది ఒక్కతే."

"మరి సంచి, స్వామీ?"

స్వామి అతని భుజం మీదినుంచి దాన్ని దించి తన భుజాన తగిలించుకున్నాడు.

"ఇది నేను కాస్తాలే. వెళ్ళు, కాకుల్ని తోలు."