గుమ్మం దగ్గరి పలక

సోమాచారిగారికి ఒక అలవాటుండేది. ఎవరేది అడిగినా, చేతిలో ఉన్న పని ఒక కొలిక్కి వచ్చేదాకా బదులిచ్చేవారు కాదు. చిత్రిక పడుతుంటే ఆ చెక్క చివరిదాకా పట్టి, పొట్టు దులిపి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అప్పుడు "ఏమన్నావమ్మా?" అనేవారు. రెండోసారి అడిగేటప్పటికి చాలామంది ప్రశ్న సగానికి తగ్గిపోయేది.

కాకినాడలో ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఆదివారం పొద్దున్నపూట మేం ఐదారుగురం చెక్కపని నేర్చుకునేవాళ్ళం. అందరం ఉద్యోగాలూ సంసారాలూ ఉన్నవాళ్ళమే. మాలో హైమవతిగారని, హైస్కూల్లో రసాయనశాస్త్రం చెప్పే ఆవిడ ఉండేది. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి. ఒక ఆదివారం ఆవిడ రెండు పేజీల జాబితా పట్టుకొచ్చింది.

"గురువుగారూ, మా మామగారి గదిలో నేల నేనే వేద్దామనుకుంటున్నాను. లామినేట్ పలకలు చూసి ఉంచాను. పనిముట్ల దగ్గరే ఎటూ తేలడం లేదు. ఒక వీడియోలో పన్నెండు కావాలంటారు, ఇంకోదాంట్లో ఇరవై అంటారు. వీటిలో తప్పనిసరైనవేవో మీరు గుర్తు పెట్టివ్వండి."

ఆచారిగారు జాబితా మొత్తం చదివారు. "అన్నీ మంచివే," అని తిరిగి ఇచ్చేశారు. చిత్రిక పక్కన పెట్టి, ఉమామహేశ్వరంగారి సంగతి చెప్పారు.

ఉమామహేశ్వరంగారు కరెంటాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన భార్య మాణిక్యాంబ పడకగదిలో నున్నటి పాలరాతి నేల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక రెండు నెలలు సామర్లకోటలో చెల్లెలి దగ్గర ఉంది. ఆవిడ పడిన రోజు ఆ నేల తుడిచింది ఆయనే. ఎప్పుడూ లేనిది భార్యకి సాయం చేద్దామని తుడిచి, తడి ఆరకముందే ఎవరో పిలిస్తే గుడ్డ చేతిలో ఉండగానే వీధిలోకి వెళ్ళాడు. ఆవిడ ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆయనకి కొంత తేలిగ్గా ఉండేదేమో.

ఆవిడ తిరిగొచ్చేలోగా ఆ రాతి మీద చెక్కలా కనిపించే లామినేట్ పలకలు పరిపించాలనుకున్నాడు. పరిపించడం కాదు, తన చేత్తోనే పరవాలనుకున్నాడు. కొట్టుకి వెళ్ళి, చూపించిందల్లా కొన్నాడు. కోత మిషను, గోడ మీద ఎర్రగీత వేసే లైటు, మోకాళ్ళకి కట్టుకునే మెత్తలు, పేర్లు తెలియని మరికొన్ని. అన్నీ మంచం మీద వరసగా పేర్చుకున్నాడు. ఒక్క రబ్బరు సుత్తి మాత్రం మరిచిపోయాడు. ఇంట్లో ఉన్న ఇనప సుత్తితో పలకల అంచు మీద నేరుగా కొట్టేసరికి, ఒకదాన్నొకటి పట్టుకునే గాడులు విరిగాయి. నాలుగు పలకలు అలా పాడయ్యాక ఆచారిగారికి కబురుపెట్టాడు. అప్పటికి ఆవిడ రావడానికి మూడు రోజులుంది.

ఆచారిగారు వెళ్ళి చూశారు. మంచం మీద సామానంతటిలోంచి టేపు, పెన్సిలు, మూలమట్టం, సన్న పళ్ళ రంపం తీసి పక్కన పెట్టారు. తన సంచిలోంచి రబ్బరు సుత్తి, జానెడు చెక్కదిమ్మ, గోడకీ పలకకీ మధ్య సందు వదలడానికి చిన్న చెక్కముక్కలు తీశారు. దిమ్మని అంచుకి ఆనించి దాని మీద కొట్టాలి గాని పలక మీద కాదని చూపించారు. రసమట్టంతో ఎత్తుపల్లాలు చూసి, పలుచటి ఫోమ్ షీటు పరిపించి, "నేను చెబుతాను, మీరు వెయ్యండి," అన్నారు. ఉమామహేశ్వరంగారు రెండు రోజులు మోకాళ్ళ మీదే ఉన్నాడు. వయసుకి మించిన కష్టం. అయినా మధ్యలో లేవమంటే లేవలేదు.

మూడో రోజు పొద్దున్నకి గదంతా అయింది. గుమ్మం దగ్గర కొలిచి కోసి ఉంచిన ఒక్క పలక మిగిలింది. దాన్ని పెట్టబోతుండగా వాకిట్లో కారాగింది. సాయంత్రం వస్తానన్న మాణిక్యాంబ పొద్దున్నే వచ్చేసింది.

వాకర్ పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తూ హాలు దాటి, గుమ్మం ముందు ఆగింది. కిటికీ వెలుతురుకి కొత్త నేల మెరుస్తోంది. ఆవిడ మొహం పాలిపోయింది.

"ఇదేంటండీ? మళ్ళీ అద్దంలాగే ఉంది. నేను రాను."

ఆచారిగారికి మనసు చివుక్కుమంది. తాను దగ్గరుండి వేయించిన నేల అది. "జారదమ్మగారూ, ఈ రకం జారదు. పైన గరుకుంటుంది, కింద మెత్తటి షీటుంది," అని చాలా చెప్పారు. ఆయన చెప్పినకొద్దీ ఆవిడ వాకర్ అంగుళం అంగుళం వెనక్కి జరిగింది. ఆ ముక్క మాకు చెప్పేటప్పుడు ఆయన కాస్త నవ్వారు.

ఉమామహేశ్వరంగారు నేల మీద నుంచి లేవలేదు. అక్కడే మోకాళ్ళ మీద ఉండి, తలెత్తకుండా అన్నాడు.

"మాణిక్యం, ఆ రోజు తడి వదిలేసింది నేనే."

"తెలుసండీ. నేను కేకేస్తే మీరు తుడుపుగుడ్డతోనే పరిగెత్తుకొచ్చారుగా."

ఆయన చివరి పలక తీసి, ఒక అంచు గాడిలో ఉంచి, రెండో అంచు కొంచెం పైకి లేచి ఉండగా వదిలేశాడు. పై నుంచి నొక్కితే కూర్చునే రకం పలకలవి.

"ఇది నువ్వు వెయ్యి."

"నేనా? నేను వంగలేనుగా!"

"వంగక్కర్లేదు. వాకర్ కాలు పెట్టి నొక్కు."

ఆచారిగారు అడ్డు చెప్పడానికి నోరు తెరిచారు. అది పద్ధతి కాదు. బరువంతా ఒకచోట పడితే పలక పెచ్చు లేస్తుంది. కాని గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి నోరు మూసుకున్నారు.

ఆవిడ వాకర్ ముందుకు జరిపి, దాని రబ్బరు కాలు పలక మీద ఆనించింది. మెల్లిగా నొక్కింది. కూర్చోలేదు. భర్త లేచి ఆవిడ నడుం వెనక చెయ్యి అడ్డం పెట్టాడు, తగలకుండా. ఈసారి పెదవి బిగించి ఒళ్ళు ముందుకు వాల్చి నొక్కింది. టక్కుమని చప్పుడైంది.

"పడిందా?"

"పడింది."

"సరిగ్గా పడిందా?"

"నువ్వే చూసుకో."

ఆవిడ వాకర్‌తో ఆ పలకని రెండుసార్లు పొడిచి చూసింది. ఆ పక్కదాన్నీ పొడిచి చూసింది. తర్వాత కుడికాలు పెట్టింది, ఎడంకాలు పెట్టింది. కిటికీ దాకా వెళ్ళి, చువ్వ పట్టుకుని వెనక్కి తిరిగి, గదంతా ఒకసారి కలియజూసింది.

"మంచం ఇటు తిప్పండి. ఎన్నాళ్ళుగానో చెబుతున్నాను."

మగవాళ్ళిద్దరూ గబగబా హాల్లోంచి మంచం తెచ్చి, ఆవిడ చెప్పినవైపు తిప్పారు. ఉమామహేశ్వరంగారు పైగుడ్డతో మొహం చాలాసేపు తుడుచుకున్నాడట.

గుమ్మం దగ్గరి పలక మూల నిజంగానే పెచ్చు లేచింది. తర్వాత రెండుసార్లు ఆచారిగారు వెళ్ళి, ఊరికే మారుస్తానన్నా ఆ దంపతులు ఒప్పుకోలేదు.

ఇంతవరకూ చెప్పి ఆచారిగారు చిత్రిక చేతిలోకి తీసుకున్నారు. హైమవతిగారు కథ శ్రద్ధగానే విన్నది. కాని ఆవిడ మనసు ఇంకా కాగితం మీదే ఉంది.

"అయితే గురువుగారూ, వాటిలో నన్ను ఏవి కొనుక్కోమంటారు?"

ఈసారి ఆయన పని ముగిసేదాకా ఆగలేదు.

"మీ మామగారు ఇంట్లో చెప్పులతో తిరుగుతారా అమ్మా, ఒట్టికాళ్ళతోనా?"

ఆవిడ చెప్పబోయి ఆగింది. ఆ ఇంటికి కోడలై పదకొండేళ్ళయింది. "గమనించలేదండీ," అంది చివరికి, చిన్న గొంతుతో.

"చూసి రా తల్లీ," అన్నారాయన. "కొట్టు ఎక్కడికీ పోదు."