నీళ్లు నిలిచే వేళకి ఒక పేరు

ఒక దీవిలో మనిషి పోతే ఆ మనిషి పేరుని కూడా మాటల్లోంచి తీసేసేవారు. అక్కడ మనుషులకి వాడుకలో ఉన్న మాటలే పేర్లుగా పెట్టుకుంటారు. అందుకని తెడ్డు అనేవాడు పోయిన రోజు నుంచి తెడ్డుని ఎవరూ ఆ మాటతో పిలవలేదు. పోయినవాళ్లని పేరుపెట్టి పిలిస్తే, పిలిచినవాడి ఇంటికి తిరిగి వచ్చేస్తారని భయం.

పూర్వం ముసలమ్మలు కూర్చుని, తీసేసిన మాటకి బదులు కొత్తది అల్లేవారు. వాళ్లూ ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు చేపలమ్మడానికి సముద్రం అవతలి పెద్ద తీరం సంతకి వెళ్లినప్పుడు మాటలు కూడా తెచ్చుకుంటున్నారు. ఎంత సులువు!

చావు జరిగిన సాయంత్రం రేవులో నిలబడి "ఇక ఈ మాట లేదు" అని చెప్పేది ఊరిపెద్ద. ఆ ఏడు అతని అక్క మంచం పట్టింది. అతని గుండెల్లో రాయి పడింది. ఆమె పేరు లినోవా.

దీవి చుట్టూ పగడపు గోడ. దాంట్లో పడవ పట్టే సందు ఒక్కటే. ఆటుకీ పోటుకీ నడుమ కాసేపు ఆ సందులో నీళ్లు నిలిచిపోతాయి. ఆ కాసేపే లినోవా. ముందు పడవలోవాడు ఆ మాట అరిస్తే వెనకవాళ్లు తెడ్లు వేస్తారు. సంతలో దానికి బదులు మాట లేదు. పెద్ద తీరానికి పగడపు గోడ లేదు మరి.

"అక్కా, నువ్వే ఒక కొత్తమాట అల్లిపెట్టరాదూ?" అని బతిమాలాడు.

"దేంతో అల్లనురా? ఉన్నవన్నీ నువ్వు తీసేసినవేగా."

"అంత మాట అనకక్కా."

"నన్నే పిలవండి."

"పిలిస్తే తిరిగొస్తావు."

"నేనంటే అంత భయమేంరా?"

నాలుగు రోజులకి ఆమె పోయింది. అతను రేవులో నిలబడి చెప్పవలసింది చెప్పాడు.

పదో రోజున వేటకెళ్లిన ఆరు పడవలు గాలివానలో సందు ముందు చిక్కుకున్నాయి. ముందు పడవలో ఊరిపెద్దే ఉన్నాడు. నీళ్లు నిలిచాయి. "ఇప్పుడు!" అని సంత మాటలో అరిచాడు. దేనికి ఇప్పుడు? ఒకడు తెడ్డు వేశాడు, ఒకడు వెనక్కి లాగాడు, ఒకడు తెరచాప దించాడు. రెండు పడవలు గుద్దుకున్నాయి.

పోయినవాళ్లంటే అతనికి భయమే. ఉన్నవాళ్లు పోతారని అంతకన్నా భయం వేసింది.

"లినోవా!" అని అరిచాడు. "లినోవా! లినోవా!"

తెడ్లన్నీ ఒక్కసారి పడ్డాయి. ఆరు పడవలూ లోపలికి వచ్చాయి.

ఒడ్డున ఎవరూ అతని మొహం చూడలేదు. గబగబా ఇళ్లకి పోయి తలుపులు బిగించుకున్నారు. ఊరిపెద్ద తన ఇంటికి పోయి ఉడికించిన కందముక్కలు రెండు ఆకుల్లో పెట్టాడు. తలుపు బార్లా తీసి, ఒక ఆకు ముందు కూర్చున్నాడు.