పుల్లమ్మ కథకు ఊఁ కొట్టిందెవరు?

రండి రండి, దగ్గరికి జరగండి. వెనకున్న పెద్దమ్మా, నువ్వూ ముందుకు రా. నోరిచ్చిన ఆ భగవంతుణ్ణి ఒక్కసారి తలుచుకుని, మీ చెవులు నాకివ్వండి. నేను చెబుతుంటే ఊఁ కొట్టాలి సుమా! ఊఁ లేని కథ ఉప్పులేని గంజి.

కొండ కింద వాగు, ఆ వాగు పైగట్టున సున్నపు బట్టీ. బట్టీకి మేస్త్రీ నక్క. రాళ్ళు మోసేవి గాడిదలు. వాటిలో పుల్లమ్మ అనే ఆడగాడిద ఉండేది. దాని పక్కన ఎప్పుడూ తోటి గాడిద ఎంకన్న నడిచేవాడు. ఎత్తు ఎక్కేటప్పుడు పుల్లమ్మ ఏదో ఒక కథ అందుకునేది. ఎంకన్న "ఊఁ" అనేవాడు. ఆ ఊఁతోనే సగం బరువు దిగిపోయేది.

ఒకనాడు వాగు తెల్లగా పాలలా పారింది. దాహంతో ఉన్న ఎంకన్న అందరికన్నా ముందు మూతి పెట్టాడు. గొంతు కాలి, ఆ ఇసుకలోనే ఒరిగిపోయాడు.

అప్పట్నుంచి పుల్లమ్మ దారిలో కుడిపక్క చోటు వదిలే నడిచేది. కథ ఎత్తుకునేది, ఊఁ వినపడక ఆపేసేది.

బట్టీలోని సున్నపు మడ్డి వాగులో కలుస్తోందని మొరపెట్టుకోడానికి గాడిదలన్నీ అడవికి పెద్ద అయిన ఏనుగు దగ్గరికి వెళ్ళాయి. వెళ్ళి ఏం చేశాయి? ఒకటి ఓండ్ర పెట్టగానే, అలవాటు కదా, అన్నీ అందుకున్నాయి! పాపం, ఏనుగు అంతంత చెవులూ మూసుకుంది.

"చూశారా పెద్దయ్యా?" అంది వాటి వెనకే వచ్చిన నక్క. "బట్టీ మడ్డంతా గుంతలోనే ఉంటుంది. గుంతకు గండి అన్నదే లేదు. అజీర్తితో పోయినవాడి పాపం నా నెత్తిన రుద్దుతున్నారు. గాడిదలకేం తెలుసు గంధపు వాసన!"

"పున్నమికి మళ్ళీ రండి. అప్పుడూ ఇదే గోలైతే వాగు బట్టీకే వదిలేస్తాను" అంది ఏనుగు.

ఇదంతా కొమ్మ మీంచి చూసిన గోరింక దిగి వచ్చింది. "మీకు గొంతుంది, మాట లేదర్రా. రండి, కథ చెప్పడం నేర్పుతాను" అంది. మధ్యాహ్నం పని ఆగిన వేళ ఒక్కొక్కరినే నిలబెట్టి చెప్పించింది. పుల్లమ్మ వంతు వచ్చింది.

"అన్యాయం జరిగింది, వాగు పాడైంది..."

"అది అందరికీ తెలిసిందే. నీకు తెలిసింది చెప్పు. దారిలో నీ కుడిపక్క ఎవరు?"

"ఎవరూ లేరక్కా."

"అదీ! అక్కణ్ణుంచి చెప్పు."

పుల్లమ్మ ఖాళీగా ఉన్న కుడిపక్కకు తల తిప్పింది. గోరింక మెల్లగా "ఊఁ" అంది. ఎన్నాళ్ళకు విన్న ఊఁ! కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కథ కదిలింది.

చివర్లో ఆగింది. "మడ్డి ఎటునుంచి వచ్చిందో మనకు తెలీదు కదక్కా?"

"తెలీదనే చెప్పు. తెలియంది తెలిసినట్టు చెబితే దేవుడు మెచ్చడు. మీ అనుకోలు చెప్పి ఆగు. మేస్త్రీ సంగతి తెలుసుగా? పక్కవాడి మాటలో తప్పు దిద్దకపోతే ఆయనకు తిన్నది అరగదు!"

పున్నమి వచ్చింది. గాడిదలన్నీ పళ్ళు బిగించుకుని నిలబడ్డాయి. పుల్లమ్మ ఒక్కతే కథ చెప్పింది. ఎంకన్న ఊఁ గురించి చెప్పింది, తెల్లటి నీళ్ళ గురించి చెప్పింది, దారిలో ఖాళీ చోటు గురించి చెప్పింది. ఏనుగు తొండం వాలిపోయింది. నక్క కూడా మెడ సాచి వింటోంది.

"మడ్డి ఎలా వచ్చిందో మాకు తెలీదు పెద్దయ్యా. రేవు పక్కన గండి కొట్టి ఉంటారని మా అనుకోలు..." పుల్లమ్మ ఆగింది.

"ఛ! కథ చెప్పడం కూడా చేతకాదే నీకు!" నక్క ఉండబట్టలేకపోయింది. "రేవు పక్కనంతా బండరాయి, అక్కడ గండి ఎలా కొడతారే? మొగలిపొద వెనకాల కదూ..."

నాలుక కరుచుకుంది.

"గండే లేదన్నావు కదటోయ్ మేస్త్రీ?" అంది ఏనుగు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే మరి! ఏనుగు వెళ్ళి పొద పెకిలిస్తే, గుంతలోంచి వాగులోకి తెల్లటి ధార. ఆ గండి పూడ్చి, వాగులో మడ్డంతా ఎత్తేదాకా తట్ట నక్క వీపు మీదే!

వాగు తేటపడింది. ఎంకన్న రాలేదు. పుల్లమ్మ ఇప్పటికీ కుడిపక్క చోటు వదిలే నడుస్తుంది. కానీ ఎత్తు ఎక్కేచోట కథ అందుకుంటే, వెనక వరుసలోంచి ఓండ్ర లేదు, గోల లేదు. ఒకరి తర్వాత ఒకరు "ఊఁ" అంటారు.

గుంపు గోలకు మూసుకున్న చెవి, ఒక్క గొంతులోని నిజానికి తెరుచుకుంటుంది.

నాయనలారా, తల్లులారా, ఇంత కథలో ఒక్క పని గుర్తుంచుకోండి. గోరింక అన్న ఆ ఊఁ. రేపు మీ వీధిలో ఒంటరివాళ్ళెవరైనా నోరు విప్పితే, పక్కన కూర్చుని మీరూ ఆ మాటే అనండి.