మట్టి లేని కాళ్ళు

ఒకే వాగుకు అటూ ఇటూ రెండు గుట్టలు. అటు నెమలిగుట్ట, ఇటు బొగ్గుగుట్ట. రెండూ బోడివే, రెండింటి మీదా ఆకలే. ఎండాకాలం వస్తే రెండు గట్ల తల్లులూ నీళ్ళ సాకుతో వాగులోకి దిగి, ఒకరి డొక్కలు ఒకరు చూసుకుని నిట్టూర్చేవాళ్ళు.

అలాంటిది ఒక పొద్దున, బొగ్గుగుట్ట చెవులపిల్లి దూది నీళ్ళు తాగుతూ తలెత్తి కొయ్యబారిపోయింది. అవతలి గట్టు మీద ఒక చెవులపిల్లి కూన గెంతుతోంది. దానికి బుగ్గలున్నాయి! నిండు ఎండాకాలంలో, తామరమొగ్గల్లాంటి బుగ్గలు!

"అక్కా! ఏం పెడుతున్నావే దానికి?"

"దుంప," అంది అవతలి తల్లి. "మా ఏదుపంది అవ్వ పొద్దున్నే పిల్లలకు తవ్వకం నేర్పుతుంది. పాఠానికి వెళ్ళిన పిల్ల కాళ్ళకు మట్టి అంటుతుంది కదా, ఆ కాళ్ళు చూపిస్తే ఉమ్మడి గుంటలోంచి తల్లికి ఒక దుంప. ఇదివరకైతే నేనూ నా కూనను ఎండుకాయలు ఏరడానికే తోలేదాన్ని. తోలకపోతే పస్తేగా! ఇప్పుడా దిగులు లేదు."

దూది ఇంటికి పరుగెత్తింది. దారి పొడుగునా తన కూన నూగుకు బుగ్గలు వచ్చినట్టు, ఆ బుగ్గల మీద ఎండ పడినట్టు ఒకటే కల. గుట్ట పెద్ద ఎలుగుబంటికి సంగతంతా చెప్పింది.

"ఆ పద్ధతేదో మనమూ తెచ్చుకుందాం," అంది ఎలుగుబంటి. "నక్కా, నువ్వు వెళ్ళి నేర్చుకుని రా."

నక్క వెళ్ళింది. చుట్టరికానికి వెళ్ళినట్టు కడుపునిండా తిని, మర్యాదలు చేయించుకుని, అవ్వ ఇచ్చిన దుంపల మూటతో తిరిగొచ్చింది. "మీ గుట్టలో పాఠం చెప్పేవాళ్ళు తయారయ్యేదాకా పిల్లల్ని నా దగ్గరికే పంపండి," అని అవ్వ చెప్పిన మాటను మాత్రం వాగులోనే వదిలేసింది.

"కిటుకు పట్టేశాను పెద్దయ్యా! కాళ్ళకు మట్టి ఉంటే దుంప. అంతే. కాళ్ళు చూసే పని నాకు వదిలేయండి."

అవ్వ ఇచ్చిన దుంపలను ఒక ఉమ్మడి గుంటలో పోయించి, దాని పక్కనే ఎండుతీగల కుప్ప మీద నక్క దర్జాగా ఆసనం వేసింది. ఎదురుగా నీళ్ళు పోయించి ఒక బురదమడుగు చేయించింది. తల్లులు పొద్దున పిల్లల్ని కాయలు ఏరడానికి పంపి, వచ్చాక మడుగులో ముంచి, దుంప పట్టుకెళ్ళేవాళ్ళు. నక్క పిల్లలైతే ఎప్పుడు చూసినా మడుగులోనే.

దూదికి మాత్రం ఆ బుగ్గల కూన కళ్ళ ముందు నుంచి పోలేదు. నూగును రోజూ వాగు దాటించి అవ్వ పాఠానికి పంపింది. మొదటి రోజు నూగు తిరిగి రాగానే సంబరంగా నక్క ముందు నిలబెట్టింది.

నక్క ఆ కాళ్ళు తిప్పి తిప్పి చూసింది. "మట్టేదీ?"

దూది బిత్తరపోయింది. నిజమే! వాగు దాటేటప్పుడు నీళ్ళు మట్టినంతా కడిగేశాయి.

"నక్క మామా, నిజంగా తవ్వే వచ్చింది!"

"నిజాలు నాకెందుకమ్మాయ్? మట్టి లేదు, దుంప లేదు. ఇంత దగ్గర మడుగు పెట్టుకుని ఏరు దాటడమెందుకు? పిచ్చిదానా!"

వెనక ఉన్న తల్లులు పకపకా నవ్వారు. దూది చేయి మడుగు వైపు వెళ్ళబోయింది.

"వద్దమ్మా," అంది నూగు. "బురద పూసుకుంటే, రేపు అవ్వ మొహం ఎలా చూడను?"

దుంప జాడ పట్టే పాఠం దాకా నూగు ఇంకా రాలేదు గనుక, ఆ తల్లీకూనలు గడ్డిపరకలు నమిలి కాలం వెళ్ళదీశారు. నూగుకు బుగ్గలు రాలేదు సరికదా, ఉన్న చెవులు కూడా వాలిపోయాయి.

ఒకరోజు గుంట దగ్గర గోల మొదలైంది. దూది తొంగి చూసి గుండె పట్టుకుంది. గుంటలో ఒక్క దుంప లేదు. అడుగున రాయి కనిపిస్తోంది! సరిగ్గా అప్పుడే, నూగు నాలుగు రోజులుగా పాఠంలో సోలిపోతోందని ఏదుపంది అవ్వ చూడడానికి వచ్చింది. తల్లులందరూ పిల్లల బురదకాళ్ళు పైకెత్తి చూపించారు.

"అబ్బో! ఇంతమంది నేర్చేసుకున్నారా?" అని అవ్వ నోరు వెళ్ళబెట్టింది. "అందరికంటే ఎక్కువ మట్టి ఎవరి పిల్లలకు?"

"నా పిల్లలకే అవ్వా!" అంది నక్క.

"అయితే ఇవాళ ఎవరి పిల్లలు తవ్వింది వాళ్ళ ఇంటికే. సరేనా?"

"నలుగురి ముందు చెబుతున్నా, అదే మాట!"

నక్క పిల్లలు రాళ్ళు గీకాయి. గోళ్ళు విరిగాయి. ఏడుపు లంకించుకున్నాయి. నూగు మాత్రం ఎక్కడా గీకలేదు. ఈమధ్యే అవ్వ నేర్పినట్టు నేలను వాసన చూస్తూ చూస్తూ వచ్చి, నక్క ముందు ఆగింది.

"మామా, కాస్త లేస్తావా?"

నక్క లేచింది. ఎండుతీగ ఒకటి సరిగ్గా అది కూర్చున్న చోటే భూమిలోకి దిగుతోంది. నూగు దాని చుట్టూ మెల్లగా తవ్వింది. ఎలుగుబంటి తలకాయంత దుంప బయటపడింది!

గుట్టంతా చుట్టూ మూగింది. ఇన్నాళ్ళూ ఆకలితో చచ్చింది ఈ దుంపల మీద నిలబడేనా! దూది అయితే అక్కడే కూలబడి, తన కింది నేలను తడుముకుంటూ ఉండిపోయింది.

"మీ గుట్ట నిండా ఉన్నాయి," అంది అవ్వ. "తవ్వేవాళ్ళు లేకపోయారు, అంతే."

మాట ప్రకారం నక్క ఇంటికి ఏమీ దక్కలేదు. నూగు మళ్ళీ మొలిచేలా దుంప తలను కోసి పాతి, మిగిలినదాంట్లో ఒక ముక్క ఏడుస్తున్న నక్క పిల్లల ముందు పెట్టింది. నక్క తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి నక్క తన పిల్లల్ని వెంటబెట్టుకుని నూగు వెనకే వాగు దాటేది. తిరిగొచ్చేటప్పుడు వాటి కాళ్ళకు ఇసుమంత మట్టి ఉండేది కాదు.

పొరుగువాళ్ళ మంచి పద్ధతిని తెచ్చుకునేవాళ్ళు దాని గుర్తును కాదు, దాని కష్టాన్ని మోసుకురావాలి.