ఎర్ర పెంకులో మన్ను

కొండకింద పొదల్లో కాన్పుల సావడి ఒకటుండేది. నెలలు నిండిన ఆడజంతువులన్నీ అక్కడికి చేరేవి. కుందేలు పక్కన చిరుత పడుకున్నా సరే, సావడిలో ఎవరూ ఎవరిమీదా పంటిగాటు పెట్టకూడదన్నది కట్టుబాటు. మంగతాయారు అనే నక్క అక్కడ మంత్రసాని. పురుడు పోసిన ప్రతిసారీ తన చేతివాసి ఎంత మంచిదో తానే ఊరంతా చెప్పుకొచ్చేది. ఈమధ్య పుట్టిన పిల్లలు నిలవడం లేదన్న సంగతి మాత్రం ఆవిడ నోట వచ్చేది కాదు. ఆవిడ సొంత కూతురు పైడమ్మకే రెండు కాన్పుల్లో పిల్లలు దక్కలేదు. ఇప్పుడు మూడోసారి కడుపుతో ఉంది.

ఆ వేసవిలో తాబేలు సూరమ్మ కొండ చీలిక అడుగు నుంచి కాస్త మన్ను తెచ్చింది.

"ఇది ఎండ ఎరగని మన్ను. మన ముత్తాతలు పుట్టకముందు నుంచీ ఇందులో కంటికి కనబడని ప్రాణులు బతుకుతున్నాయి. దీన్ని నాకిన మూడు మేకల పిల్లలు నిలిచాయి," అంది.

"అయితే అందరికీ పెట్టెయ్, సూరమ్మత్తా!" అంది కుందేలు.

"మూడింటిని చూసి మందని ఎలా చెప్పనే? పన్నెండుమంది చూలాళ్ళు రండి. ఆరుగురికి ఈ మన్ను, ఆరుగురికి మామూలు ఏటి మన్ను. అందరి కాన్పులూ అయ్యాక లెక్క చూద్దాం."

రెండు రకాల మన్నునూ ఉండలు చేసి, బూడిదలో దొర్లించి, ఒకటి ఎర్ర కుండపెంకులో, ఒకటి నల్ల కుండపెంకులో పెట్టింది. దేన్లో ఏముందో తను తప్ప ఎవరికీ తెలియదు. రోజూ తెల్లారేసరికి ఎద్దు గవరయ్య ఆ ఉండలు పంచేవాడు.

ఇక సావడిలో ఎవరి నోట విన్నా సూరమ్మ పేరే. మంగతాయారుకి కడుపుమంట మొదలైంది. తిండి సయించలేదు. ఎవరైనా "సూరమ్మత్త" అంటే చాలు, చెవిలో చీమ దూరినట్టు తల విదిలించేది. ఎదుటివాళ్ళకి మంచి జరుగుతుంటే ఇంత బాధపడేవాళ్ళని నేను చాలామందిని చూశాను గానీ, ఇంత కష్టపడి బాధపడినదాన్ని మాత్రం చూడలేదు.

ఒకరోజు గవరయ్య దారికి అడ్డం నిలబడింది.

"ఏం బావా, మోస్తున్నది నువ్వు, పేరేమో ఆవిడకా! మందు ఏ పెంకులో ఉందో నా చెవిన వెయ్యరాదూ?"

"నాకు తెలీదు తల్లీ."

"పంచేవాడివి నీకు తెలీదా?"

"తెలిస్తే నా మొహంలో కనబడిపోద్దంట. అందుకని చెప్పలేదు."

"నిన్ను నమ్మలేదన్నమాట!"

"నా మొహాన్ని నమ్మలేదు. నిజమే కదా, నా మొహంలో ఏదీ దాగదు," అని గవరయ్య నెమరేసుకుంటూ సాగిపోయాడు.

మంగతాయారు పొదచాటున కాపు కాసింది. కుందేలు ముందుగా ఈనింది, పిల్లలు చెంగుచెంగున గెంతాయి. రెండోది దుప్పి, దాని పిల్లా నిలిచింది. తాము తిన్నది ఎర్ర పెంకుదేనని ఇద్దరూ చెప్పుకోవడం వింది. ఇంకేం కావాలి? నక్క ఎర్ర పెంకులోంచి గుప్పెడు ఉండలు కాజేసి సావడి మధ్యకొచ్చి నిలబడింది.

"వినండర్రా! ఇది మా అమ్మమ్మనాటి మందు. ఆ ముసలిది మా ఇంట్లోంచే నేర్చుకుంది. నా కూతురికి నేనే పెడుతున్నాను, చూస్తూ ఉండండి!"

సూరమ్మ తల బయటికి చాపి, "ఇంకా పదిమంది ఉన్నారు, మంగా. తొందరపడకు," అంది.

"తొందరపడకపోతే పేరు నీకు పోతుంది," అనేసింది నక్క. మనసులో మాట అలా బయటపడినందుకు కాస్త నాలిక్కరుచుకుంది కూడా.

రోజూ ఎండెక్కాక కూతురి నోట్లో ఎర్ర పెంకు ఉండ కుక్కేది. పైడమ్మ కిక్కురుమనకుండా బుగ్గన పెట్టుకునేది.

నెల తిరిగేసరికి కాన్పులన్నీ అయిపోయాయి. పైడమ్మకి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ బతికారు. మంగతాయారు మనవల్ని వరసగా పడుకోబెట్టి, చుట్టుపక్కల అందర్నీ పిలిచింది. సూరమ్మా మెల్లగా వచ్చింది.

"ఎర్ర పెంకు తిన్న ఆరుగురిలో ఇద్దరి పిల్లలే నిలిచాయి. నల్ల పెంకువాళ్ళలో అయిదుగురి పిల్లలు నిలిచాయి. కొండ మన్ను ఉన్నది నల్ల పెంకులో. ఎర్ర పెంకులోది ఉత్త ఏటి మన్ను," అంది.

నక్క పకపకా నవ్వింది. "అయితే నా మనవలు ఏటి మన్నుతో బతికారా? ఇన్ని రోజులూ ఈ చేత్తో నేను ఎర్ర పెంకుదే పెట్టాను! చెప్పవే పైడీ!"

పైడమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు పెట్టినవేవీ నేను మింగలేదమ్మా. నువ్వటు తిరగ్గానే ఉమ్మేశాను. ఇంకేదీ కలపొద్దని సూరమ్మత్త ముందే చెప్పింది."

"ఆవిడెందుకు చెప్పిందే నీకు?"

"ఆ పన్నెండుమందిలో నేనొకదాన్ని. నువ్వు నిద్ర లేవకముందే గవరయ్య మావ వచ్చి నల్ల పెంకుది పెట్టి వెళ్ళేవాడు. నీకు చెప్తే ఒప్పుకునేదానివా? నాకు రెండుసార్లు పోయారమ్మా. మూడోసారి నీ రోషం కోసం పోగొట్టుకోలేకపోయాను."

సావడిలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది మంగతాయారుకి. చిన్న మనవడు తడబడుతూ వచ్చి ఆవిడ కాలు నాకబోయాడు. ఆవిడ ఆ కాలు వెనక్కి తీసుకుంది. దానికి ఇంకా ఎర్ర పెంకు బూడిద అంటుకునే ఉంది.

నీతి: అసూయతో దొంగిలించబోతే పెంకు దొరుకుతుంది గానీ మందు దొరకదు.